వెస్ట్రే - పాపా వెస్ట్రే విమాన మార్గం

వెస్ట్రే - పాపా వెస్ట్రే విమాన మార్గం స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ ద్వీప సమూహంలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న ద్వీపాలను కలిపే విమాన మార్గం. ఈ రెండు ద్వీపాల విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లు (1.7 మైళ్ళు) మాత్రమే. కాలపట్టిక ప్రకారం ప్రయాణ సమయం 2 నిమిషాలు. అనుకూలమైన గాలి ఉన్నప్పుడు ఇంకా తక్కువ సమయంలోనే విమానం గమ్యం చేరుతుంది. ప్రపంచంలో నియమిత వేళల ప్రకారం నడిచే ప్రయాణీకుల విమాన మార్గాలన్నింటిలో ఇదే అతి చిన్నదిగా గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. స్కాట్లాండ్‌కు చెందిన లోగనెయిర్ అనే విమానయాన సంస్థ 1967 నుండి ఈ సర్వీసును నడుపుతున్నది.

అతి చిన్న విమాన ప్రయాణంగా ఈ మార్గం పర్యాటకులలో ప్రసిద్ధి చెందింది. కాని ఆర్క్‌నీ వాసులకు ఇది వినోద యాత్ర కాదు. వైద్యులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఇతర ఉద్యోగులు సముద్రం దాటడానికి వాడుకునే నిత్యావసర రవాణా సౌకర్యం.

భౌగోళిక నేపథ్యం

ఆర్క్‌నీ ద్వీప సమూహంలో సుమారు 70 ద్వీపాలున్నాయి. వీటిలో దాదాపు 20 ద్వీపాలలో మాత్రమే జనావాసాలున్నాయి. స్కాట్లాండ్ ప్రధాన భూభాగపు ఉత్తర కొనకు, ఈ ద్వీపాలకు మధ్య పెంట్‌లాండ్ ఫర్త్ అనే జలసంధి ఉన్నది. ద్వీపాలలో అన్నింటికంటే పెద్దదాని పేరు మెయిన్‌లాండ్. పాలనా కేంద్రమైన కిర్క్‌వాల్ పట్టణం, ప్రధాన విమానాశ్రయం ఈ ద్వీపంలోనే ఉన్నాయి.

వెస్ట్రే, పాపా వెస్ట్రే ద్వీపాలు ఈ సమూహంలో వాయవ్య అంచున ఉన్నాయి. వెస్ట్రే వైశాల్యం సుమారు 47 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 588. దీనిలో ప్రధాన గ్రామం పీరోవాల్. దీనికి తూర్పున ఉన్న పాపా వెస్ట్రే వైశాల్యం సుమారు 9 చదరపు కిలోమీటర్లు. 2001లో ఇక్కడ 65 మంది, 2011లో 90 మంది నివసించారు. స్థానికులు ఈ ద్వీపాన్ని 'పాపే' అని పిలుస్తారు.

15వ శతాబ్దం వరకు ఆర్క్‌నీ ద్వీపాలు నార్వే పాలనలో ఉండడంతో ఇక్కడి స్థలనామాలలో ఎక్కువ భాగం ప్రాచీన నార్స్ భాష నుండి వచ్చినవే. వెస్ట్రే అంటే 'పడమటి ద్వీపం' అని అర్థం. పాపా అనే మాట తొలినాళ్ళ క్రైస్తవ సన్యాసులను సూచించే 'పాపర్' అనే నార్స్ పదం నుండి వచ్చింది.

రెండు ద్వీపాల మధ్య పాపా సౌండ్ అనే సన్నని జలసంధి ఉన్నది. ఇది ఆవలి ఒడ్డు స్పష్టంగా కనిపించేంత సన్నగా ఉంటుంది. అయినా దీనిపై వంతెన లేదు. అందువలన ఒక ద్వీపం నుండి మరొక దానికి వెళ్ళడానికి పడవ, విమానం తప్ప వేరే మార్గం లేదు.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం

రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని సాధారణంగా మహావృత్త దూరంగా లెక్కిస్తారు. గోళం మీద రెండు బిందువులను కలిపే అతి దగ్గరి దారిని మహావృత్త చాపం అంటారు. దీనిని లెక్కించడానికి రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు.

వెస్ట్రే విమానాశ్రయం సుమారు 59 డిగ్రీల 21 నిమిషాల ఉత్తర అక్షాంశం, 2 డిగ్రీల 57 నిమిషాల పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నది. పాపా వెస్ట్రే విమానాశ్రయం దాదాపు అదే అక్షాంశం మీద, 2 డిగ్రీల 54 నిమిషాల పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నది. అనగా ఒకటి మరొకదానికి దాదాపు సరిగ్గా తూర్పున ఉన్నది. రెండింటి మధ్య తేడా 3 నిమిషాల రేఖాంశం. ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు.

భూమధ్యరేఖ వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 111 కిలోమీటర్లు. ధ్రువాల వైపు పోయే కొద్దీ రేఖాంశాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. 59 డిగ్రీల 21 నిమిషాల అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం విలువ దాదాపు సగానికి, అనగా సుమారు 57 కిలోమీటర్లకు తగ్గుతుంది. దానిలో 60వ వంతును 3తో గుణిస్తే సుమారు 2.8 కిలోమీటర్లు వస్తుంది. సాధారణంగా పేర్కొనే 1.7 మైళ్ళ సంఖ్యకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. విమానాశ్రయంలో ఏ బిందువు నుండి కొలిచారు, సంఖ్యలను ఎంతవరకు సవరించారు అన్నదానిని బట్టి ఈ చిన్న తేడా వస్తుంది.

ఇంత తక్కువ దూరంలో భూమి వంపు ప్రభావం లెక్కించదగినది కాదు. వేల కిలోమీటర్ల ప్రయాణాలలో సమతల పటం మీద గీసిన సరళరేఖకు, మహావృత్త మార్గానికి పెద్ద తేడా ఉంటుంది. ఇక్కడ మాత్రం రెండూ ఒకటే. పోలిక కోసం చెప్పాలంటే, స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 2,556 మీటర్లు. అనగా ఈ విమాన మార్గం మొత్తం ఒక పెద్ద విమానాశ్రయపు రన్‌వే కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ.

ప్రయాణ సమయం

దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వస్తుందన్నది పాఠశాల సూత్రం. ఈ మార్గంలో నడిచే ఐలాండర్ విమానపు సాధారణ వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు. ఆ లెక్కన 2.7 కిలోమీటర్లకు 39 సెకండ్లు సరిపోవాలి. కాని ఏ విమానమూ నిశ్చల స్థితి నుండి ఒక్కసారిగా పూర్తి వేగాన్ని అందుకోలేదు. గాలిలోకి లేచిన తరువాత కొంత వేగం పుంజుకొనే లోపే దిగడానికి వేగం తగ్గించుకోవలసి వస్తుంది. అందువలన గాలిలో ఉండే సమయం సాధారణంగా ఒక నిమిషం నుండి ఒకటిన్నర నిమిషం వరకు ఉంటుంది. కాలపట్టికలో దీనిని 2 నిమిషాలుగా చూపుతారు.

ఈ మార్గంలో అతి తక్కువ సమయం 53 సెకండ్లుగా నమోదైనది. ఈ రికార్డు లోగనెయిర్ పైలట్ స్టూవర్ట్ లింక్‌లేటర్ పేరిట ఉన్నది. 2013లో పదవీ విరమణ చేసేనాటికి ఆయన ఈ రెండు ద్వీపాల మధ్య 12,000 సార్లకు పైగా విమానం నడిపారు. 53 సెకండ్లలో 2.7 కిలోమీటర్లు అంటే సగటు వేగం గంటకు సుమారు 183 కిలోమీటర్లు. ఒకటిన్నర నిమిషం పట్టినప్పుడు సగటు వేగం గంటకు 108 కిలోమీటర్లు మాత్రమే.

గాలి ప్రభావం

విమానపు వేగాన్ని చుట్టూ ఉన్న గాలితో పోల్చి కొలుస్తారు. నేలతో పోల్చిన వేగం గాలి వీచే దిశను బట్టి మారుతుంది. ఉదాహరణకు గాలిలో గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద లెక్కించిన వేగం 150 కిలోమీటర్లకు తగ్గుతుంది. అదే గాలి వెనుక నుండి వీస్తే 250 కిలోమీటర్లకు పెరుగుతుంది. 2.8 కిలోమీటర్ల దూరానికి మొదటి సందర్భంలో సుమారు 67 సెకండ్లు, రెండవ సందర్భంలో 40 సెకండ్లు పడతాయి. అట్లాంటిక్ మహాసముద్రం, ఉత్తర సముద్రం కలిసే చోట ఉన్న ఆర్క్‌నీలో బలమైన గాలులు సర్వసాధారణం.

గాలి మరొక విధంగా కూడా సమయాన్ని మారుస్తుంది. విమానాలు వీలైనంత వరకు ఎదురుగాలిలోనే నేల విడుస్తాయి, ఎదురుగాలిలోనే దిగుతాయి. పడమటి గాలి వీస్తున్నప్పుడు వెస్ట్రే నుండి తూర్పుగా పోవలసిన విమానం ముందు పడమటికి లేచి, తరువాత వెనుకకు తిరగవలసి రావచ్చు. పాపా వెస్ట్రే వద్ద కూడా ద్వీపాన్ని దాటి వెళ్ళి, తిరిగి పడమటికి ముఖం చేసి దిగవలసి రావచ్చు. అప్పుడు విమానం తిరిగే దూరం 2.7 కిలోమీటర్ల కంటే చాలా ఎక్కువవుతుంది. కనుక ఈ మార్గంలో ప్రయాణ సమయాన్ని దూరం కంటే ఆనాటి గాలి ఎక్కువగా నిర్ణయిస్తుంది.

అతి పొడవైన మార్గంతో పోలిక

సింగపూర్, న్యూయార్క్ నగరాల మధ్య సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2020 నవంబరులో ప్రారంభించిన మార్గం పొడవు సుమారు 15,300 కిలోమీటర్లు. ప్రయాణ సమయం దాదాపు 19 గంటలు. దూరంలో ఇది వెస్ట్రే - పాపా వెస్ట్రే మార్గానికి సుమారు 5,700 రెట్లు. కాలపట్టికలోని సమయంలో మాత్రం సుమారు 570 రెట్లు మాత్రమే. దూరం తగ్గినంతగా సమయం తగ్గదని ఈ పోలిక తెలుపుతున్నది. ఎంత చిన్న ప్రయాణంలోనైనా నేల మీద పరుగు, పైకి లేవడం, దిగడం తప్పవు.

విమానం

ఈ మార్గంలో బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ రకం విమానాలను నడుపుతారు. జాన్ బ్రిటెన్, డెస్మండ్ నార్మన్ అనే ఇంజనీర్లు ఇంగ్లాండు దక్షిణ తీరంలోని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో దీనిని రూపొందించారు. 1965 జూన్ 13న ఇది మొదటిసారిగా ఎగిరింది. పొట్టి రన్‌వేల మీద, తక్కువ దూరాలకు, రోజుకు అనేకసార్లు లేచి దిగే విధంగా దీనిని నిర్మించారు. దీనిని మొదటగా వాడిన సంస్థలలో లోగనెయిర్ ఒకటి.

ఈ విమానానికి రెండు పిస్టన్ ఇంజన్లు ఉంటాయి. రెక్కలు విమానం పైభాగంలో అమర్చి ఉంటాయి. పొడవు సుమారు 10.9 మీటర్లు, రెక్కల విస్తారం సుమారు 14.9 మీటర్లు, గరిష్ఠ బరువు దాదాపు 3 టన్నులు. ఎనిమిది లేదా తొమ్మిది మంది ప్రయాణీకులు కూర్చోగలరు. పైలట్ ఒక్కరే ఉంటారు. పైలట్ పక్క సీటును కూడా ప్రయాణీకులకు కేటాయించే వీలున్నది. సుమారు 300 మీటర్లలోపు పరుగుతో నేల విడువగలగడం దీని ముఖ్య లక్షణం.

విమానాశ్రయాలు

వెస్ట్రే విమానాశ్రయం ఆ ద్వీపపు ఉత్తర భాగంలోను, పాపా వెస్ట్రే విమానాశ్రయం ఆ ద్వీపపు మధ్య భాగంలోను ఉన్నాయి. రెండింటినీ ఆర్క్‌నీ ద్వీపాల మండలి నిర్వహిస్తున్నది. రెండింటిలోను పొడవైన రన్‌వే సుమారు అర కిలోమీటరు మాత్రమే. కంకర పరచిన రన్‌వేతో పాటు గడ్డి రన్‌వేలు కూడా ఉన్నాయి. గాలి ఏ దిశ నుండి వీచినా విమానం దిగడానికి వీలుగా రన్‌వేలను వేర్వేరు దిశలలో ఏర్పాటు చేశారు. పెద్ద భవనాలు లేవు. ప్రయాణీకులు వేచి ఉండడానికి చిన్న గది ఉంటుంది. విమానం వచ్చే వేళకు స్థానికులే అగ్నిమాపక సిబ్బందిగా విధులు నిర్వర్తిస్తారు.

చరిత్ర

ఆర్క్‌నీలో నియమిత విమాన ప్రయాణం 1933లో మొదలైంది. కెప్టెన్ ఎడ్మండ్ ఫ్రెసన్ స్థాపించిన హైలాండ్ ఎయిర్‌వేస్ సంస్థ ఆ సంవత్సరం మే నెలలో స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని ఇన్వర్నెస్ నుండి కిర్క్‌వాల్‌కు సర్వీసు ప్రారంభించింది. 1934లో ఇదే మార్గంలో బ్రిటన్‌లోని తొలి నియమిత దేశీయ విమాన తపాలా సేవ మొదలైంది. తరువాత ఫ్రెసన్ విమానాలు ఆర్క్‌నీలోని చిన్న ద్వీపాలకు కూడా వెళ్ళేవి. రైతుల పొలాలే అప్పటి విమానాశ్రయాలు. రెండవ ప్రపంచ యుద్ధంతో ఈ ద్వీపాంతర ప్రయాణాలు నిలిచిపోయాయి.

1962లో నిర్మాణ రంగానికి చెందిన విల్లీ లోగన్ తన సంస్థ అవసరాల కోసం ఒక చిన్న విమాన సేవను ప్రారంభించాడు. అదే లోగనెయిర్. 1967లో ఈ సంస్థ కిర్క్‌వాల్ కేంద్రంగా ఆర్క్‌నీ ఉత్తర ద్వీపాలకు సర్వీసులు మొదలుపెట్టింది. వెస్ట్రే - పాపా వెస్ట్రే ప్రయాణం వీటిలో ఒక భాగం. లోగనెయిర్ పెద్ద విమానాలు కొంతకాలం ఇతర సంస్థల పేర్లతో నడిచాయి. 1994 నుండి 2008 వరకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ పేరు, ఆ తరువాత 2017 వరకు ఫ్లైబీ పేరు వాటిపై ఉండేది. 2017లో ఈ మార్గానికి 50 సంవత్సరాలు నిండాయి.

సర్వీసు నడిచే విధానం

ఈ విమానం కేవలం రెండు ద్వీపాల మధ్య అటూ ఇటూ తిరగదు. సాధారణంగా కిర్క్‌వాల్ నుండి బయలుదేరి, ఒక ద్వీపంలో దిగి, అక్కడి నుండి రెండవ ద్వీపానికి వెళ్ళి, తిరిగి కిర్క్‌వాల్ చేరుతుంది. కిర్క్‌వాల్ నుండి ఏ ద్వీపానికైనా సుమారు 44 కిలోమీటర్లు, 15 నిమిషాల ప్రయాణం. మధ్యలో వచ్చే చిన్న భాగమే ప్రసిద్ధి చెందిన 2 నిమిషాల ప్రయాణం. ఒకే విమానంతో రెండు ద్వీపాల ప్రజల అవసరం తీర్చడానికే ఈ పద్ధతి ఏర్పడింది. రికార్డు కోసం ఎవరూ ఈ మార్గాన్ని సృష్టించలేదు.

టికెట్ల ఆదాయంతో మాత్రమే ఇటువంటి సర్వీసు నిలబడడం సాధ్యం కాదు. అందువలన దీనిని ప్రజాసేవా బాధ్యత కింద ఆర్క్‌నీ ద్వీపాల మండలి ఆర్థిక సహాయంతో నడుపుతున్నారు. విమాన వేళలు ఋతువును బట్టి మారుతుంటాయి.

ద్వీపవాసుల జీవనంలో పాత్ర

పడవలో వెళ్ళే వారికి పీరోవాల్ నుండి పాపా వెస్ట్రేకు సుమారు అరగంట పడుతుంది. కిర్క్‌వాల్ నుండి వెస్ట్రే దక్షిణ కొనన ఉన్న రాప్‌నెస్ రేవుకు పెద్ద పడవలో దాదాపు గంటన్నర ప్రయాణం. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు పడవలు ఆగిపోతాయి. పొగమంచు, పెనుగాలి వచ్చినప్పుడు విమానం కూడా ఆగిపోతుంది. శీతాకాలంలో ఇక్కడ పగలు ఆరు గంటలకు కాస్త ఎక్కువ మాత్రమే ఉండడంతో విమానాలు నడపగల సమయం కూడా తక్కువే.

వంద మంది కూడా లేని ద్వీపంలో అన్ని వృత్తుల వారు స్థిరంగా ఉండడం సాధ్యం కాదు. పాపా వెస్ట్రేలో చిన్న ప్రాథమిక పాఠశాల ఉన్నది. పై చదువులకు విద్యార్థులు వెస్ట్రేకు, ఆపై కిర్క్‌వాల్‌కు వెళ్ళవలసి ఉంటుంది. సంగీతం, చిత్రలేఖనం వంటి విషయాలు బోధించే ఉపాధ్యాయులు ఒక ద్వీపం నుండి మరొక ద్వీపానికి తిరుగుతూ పాఠాలు చెబుతారు. వైద్యులు, పోలీసులు, బ్యాంకు ఉద్యోగులు కూడా ఇదే విధంగా విమానంలో వచ్చి, పని ముగించుకొని అదే రోజు తిరిగి వెళ్ళగలుగుతున్నారు. పడవ మీదనే ఆధారపడితే ఒక గంట పనికి రోజంతా వెచ్చించవలసి వస్తుంది.

అత్యవసర వైద్యం విషయంలో విమానాశ్రయం ప్రాముఖ్యత ఇంకా ఎక్కువ. 1967 నుండి 2006 వరకు లోగనెయిర్ స్కాట్లాండ్ ద్వీపాలలో ఎయిర్ అంబులెన్స్ సేవలు కూడా నిర్వహించింది. రోగులను, ప్రసవ సమయం దగ్గరపడిన స్త్రీలను ఐలాండర్ విమానాలలోనే పెద్ద ఆసుపత్రులకు చేర్చేవారు.

స్కాట్లాండ్ చిన్న ద్వీపాలలో అనేకం గత రెండు శతాబ్దాలలో జనాభాను కోల్పోయాయి. బడి, వైద్యం, రవాణా ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా యువ కుటుంబాలు ద్వీపాన్ని వదలిపోతాయి. 2001లో 65గా ఉన్న పాపా వెస్ట్రే జనాభా 2011 నాటికి 90కి పెరిగింది. దీనికి విమానం ఒక్కటే కారణమని చెప్పలేము. అయితే రవాణా సౌకర్యం లేకుండా ఇటువంటి చోట బడిని, వైద్య సేవను నిలబెట్టడం చాలా కష్టం.

పర్యాటకం

అతి చిన్న విమాన ప్రయాణం చేయాలన్న కోరికతో అనేక మంది పర్యాటకులు ఇక్కడకు వస్తారు. ఈ ప్రయాణం చేసినవారికి గుర్తుగా ధ్రువపత్రం ఇచ్చే ఆనవాయితీ ఉన్నది.

పాపా వెస్ట్రేలో 60కి పైగా పురావస్తు స్థలాలున్నాయి. వీటిలో ముఖ్యమైనది నాప్ ఆఫ్ హోవర్. ఇది సుమారు క్రీ.పూ. 3700 నాటి నవీన శిలాయుగపు రాతి ఇల్లు. ఉత్తర ఐరోపాలో గోడలతో సహా నిలిచి ఉన్న అతి ప్రాచీన గృహాలలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు. ద్వీపపు ఉత్తర భాగంలోని నార్త్ హిల్ ప్రాంతం సముద్ర పక్షుల సంరక్షణ కేంద్రం. ఇప్పుడు పూర్తిగా అంతరించిపోయిన గ్రేట్ ఆక్ అనే ఎగరలేని పక్షిని ఈ ద్వీపంలో 1813లో చంపివేశారు. దాని జ్ఞాపకార్థం ఇక్కడ ఒక శిల్పం ఉన్నది.

వెస్ట్రేలో 16వ శతాబ్దపు నోల్ట్‌లాండ్ కోట చూడదగినది. దీనికి సమీపంలోని తవ్వకాలలో 2009లో నవీన శిలాయుగానికి చెందిన చిన్న మానవాకృతి ప్రతిమ లభించింది. దీనిని 'వెస్ట్రే వైఫ్' అని పిలుస్తారు.

భవిష్యత్తు

తక్కువ దూరాలకు నడిచే చిన్న విమానాలు కావడంతో ఆర్క్‌నీ మార్గాలను కాలుష్యరహిత విమానయాన ప్రయోగాలకు అనువైనవిగా గుర్తించారు. ఐలాండర్ విమానాన్ని పెట్రోలు అవసరం లేని విధంగా మార్చే ప్రయత్నానికి కెప్టెన్ ఫ్రెసన్ జ్ఞాపకార్థం 'ప్రాజెక్ట్ ఫ్రెసన్' అని పేరు పెట్టారు. 2019లో బ్యాటరీల ఆధారంగా మొదలైన ఈ ప్రయత్నం 2021లో హైడ్రోజన్ ఇంధన కణాల వైపు మళ్ళింది. 2021 ఆగస్టులో ఆంపెయిర్ అనే సంస్థ విద్యుత్తు, ఇంధనం రెండింటితో నడిచే చిన్న విమానాన్ని కిర్క్‌వాల్ నుండి స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని విక్ పట్టణానికి నడిపి పరీక్షించింది.

బ్యాటరీల బరువు విద్యుత్ విమానాలకు ప్రధాన ఆటంకం. ప్రయాణ దూరం తగ్గితే మోయవలసిన బరువు కూడా తగ్గుతుంది. ఆ విధంగా 2.7 కిలోమీటర్ల ఈ మార్గం, దాని చుట్టూ ఉన్న 44 కిలోమీటర్ల మార్గాలు కొత్త విమానాలను పరీక్షించడానికి అనుకూలంగా ఉన్నాయి.